హెచ్చరిక నుండి మెరక వరకు

కృష్ణానది సముద్రమును చేరుటకు ముందు పులిగడ్డ వద్ద పాయలుగా చీలును. ఆ పాయలకును బంగాళాఖాతమునకును నడుమనున్న లంకభూమికి దివిసీమ యని పేరు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు అచ్చటి ముఖ్యమైన ఊళ్లు. నేల సారవంతమైనది, వరి పుష్కలముగా పండును. కాని ఆ నేల సముద్రమట్టమునకు మిక్కిలి చేరువగా నున్నది. తీరమునుండి లోపలికి ఎంత దూరము నడచినను గుట్ట యనదగినది కానరాదు. ఏటిగట్టు, దేవాలయపు అరుగు, పాఠశాల పైకప్పు - ఆ ప్రాంతమున మెరక యన్న నిట్టివే.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ శనివారమునాడు ఒక పెనుతుపాను చీరాల సమీపమున తీరము దాటెను. చీరాల దివిసీమకు నైరృతి దిక్కున ఏబది, అరువది కిలోమీటర్ల దూరమున నున్నది. తుపాను దాటినది అచ్చట. జనము విశేషముగా మరణించినది దివిసీమలో. వినుటకిది వింతగా తోచును గాని దీనికి కారణము కలదు. భూగోళపు ఉత్తరార్ధమున తుపాను గాలులు గడియారపు ముల్లు తిరుగు దిశకు ఎదురుగా సుడి తిరుగును. అందువలన సముద్రమునుండి నేలమీదికి సాగివచ్చు తుపానునకు కుడిప్రక్కన గాలి నీటిని తీరమువైపునకు నెట్టును. ఎడమప్రక్కన నేలనుండి సముద్రమువైపునకు వీచును. దివిసీమ ఆ కుడిప్రక్కన నుండెను.

తుపాను కేంద్రమున వాయుపీడనము తగ్గుటచేత సముద్రజలము కొంత పొంగును. పీడనము ఒక మిల్లీబారు తగ్గినచో నీటిమట్టము రమారమి ఒక సెంటీమీటరు లేచును. ఈ లెక్కను పీడనము 70 మిల్లీబార్లు తగ్గినను నీరు మీటరునకు లోపుగనే లేవవలెను. తక్కిన ఎత్తంతయు గాలి చేసిన పని. లోతైన సముద్రమున గాలి నెట్టిన నీరు క్రిందుగా మరలిపోవును. తీరము వద్ద లోతు తక్కువైనచో దానికి మరలిపోవుటకు దారి లేదు. ఒకదానిపై నొకటి పేరుకొని గోడవలె నేలమీదికి వచ్చును. దీనినే మనవారు ఉప్పెన యందురు. నాటి ఉప్పెన కొన్నిచోట్ల 5 మీటర్ల ఎత్తున వచ్చి, పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకొనిపోయెను. పూరియిండ్లు నీటితో కొట్టుకొనిపోయెను. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీరగ్రామములలో కుటుంబములకు కుటుంబములే నశించినవి. మొత్తముమీద సుమారు 10,000 మంది మరణించిరి. పశువులకు లెక్క లేదు.

టెలిఫోను, తంతి తీగలు తెగెను. చెట్లు కూలి, గండ్లు పడి బాటలు మూసికొనిపోయెను. జరిగిన ఘోరము ఎంతటిదో వెలుపలివారికి వెంటనే తెలియలేదు. తెలిసిన పిమ్మట మాత్రము రాష్ట్రమంతయు కదలెను. ఆ ప్రాంతపు నాయకుడు మండలి వెంకట కృష్ణారావు సహాయకార్యక్రమములకు పూనుకొనెను. నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి నటులు ఊరూర తిరిగి జోలె పట్టి విరాళములు సేకరించిరి. మదర్ థెరిసా దివిసీమకు వచ్చి బాధితులను చూచెను. రామకృష్ణ మిషన్ మొదలగు సేవాసంస్థలు ఇండ్లు కట్టించి యిచ్చినవి. ముక్కు మూసికొనక నిలువరాని చోట్ల శవములను వెదకి దహనము చేసిన యువకుల పేర్లు ఏ శిలాఫలకముపైనను లేవు.

ఈ కరుణ, ఈ శ్రమ ఎంతయు మెచ్చదగినవి. అయినను, ఆపదవేళ ప్రభుత్వశాఖలు ఎట్లు పని చేసినవో తేల్చవలసినవారు ఒక చేదు నిజమును ఎదుర్కొనక తప్పదు. ఉప్పెన జనమును పొట్టన బెట్టుకొన్నది కొన్ని గంటలలోనే. సహాయము చేరినది దినముల తరువాత. బియ్యము ఒకదినము ముందుగా చేరియుండినచో ఆకలి తీరియుండెడిది. కొన్ని ప్రాణములు కూడ దక్కియుండెడివి. కాని నీటిలో పోయిన వేలమందిలో ఒక్కరును తిరిగి రారు. కనుక విచారణ తుపాను వెలిసిన నాటినుండి గాక, తుపాను సముద్రముమీద నున్న నాటినుండి మొదలుపెట్టవలెను. పడవలెన్ని వచ్చెను, వైద్యులెందరు వచ్చిరి అను ప్రశ్నలకు ముందు వేరొక ప్రశ్న కలదు: ఆపద వచ్చుచున్నదను మాట తీరమున నున్న మనిషి చెవిని ఎప్పుడు పడెను? అతడు మెరక చేరుటకు అప్పటికెంత కాలము మిగిలియుండెను?

మనదేశమున తుపాను హెచ్చరికలు కొత్తవి కావు. 1864వ సంవత్సరము అక్టోబరులో కలకత్తాను, నవంబరులో మచిలీపట్టణమును తుపానులు ముంచెత్తినవి. మచిలీపట్టణపు ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించినట్లు చెప్పుదురు. ఆ మరుసటి యేడే కలకత్తా రేవునకు తుపాను హెచ్చరికలు పంపు ఏర్పాటు జరిగెను. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడెను. రేవులలో ధ్వజస్తంభములకు గుర్తులు కట్టి ప్రమాదపు తీవ్రతను అంకెలతో సూచించు పద్ధతి అమలులోనికి వచ్చెను. ఇప్పటికిని కోస్తాలో "పదవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేసిరి" అన్నచో పిల్లలకు సయితము గుండె ఝల్లుమనును. కాని ఈ యేర్పాటు మొదట ఓడలకొరకు పుట్టినదను సంగతి గమనింపదగినది. ఓడలోని సరుకునకు విలువ కట్టినవారు కలరు. రేవునకు దూరముగా, ఇసుకతిన్నెలమీద గుడిసెలు వేసికొని బ్రదుకు పల్లెకారులకు ఆ గుర్తులు కనబడవు.

1977లోను తుపాను వచ్చుచున్నదని వాతావరణ శాఖకు తెలియును. రేడియోలో హెచ్చరికలు వచ్చినవి. కాని ఆ తుపాను మొదట పడమటగా నడచి, పిమ్మట ఉత్తరమువైపునకు తిరిగెను. వారము దినములకు ముందే, అనగా నవంబరు 12వ తేదీన, మరియొక తుపాను తమిళనాడులోని నాగపట్టణము వైపు పోయియుండెను. ఒకటి పోయిన వెంటనే వేరొకటి వచ్చుచున్నదన్నచో, ఇదియు అట్లే ఎచ్చటికో పోవునులే యని తలచుట మానవ సహజము. పైగా నాడు పల్లెలలో రేడియోలు ఇంటింట లేవు. ఉన్నచోటనైనను "తుపాను తీరము దాటగలదు" అన్న మాటకు "సముద్రము మీ యింటి చూరుదాక రాగలదు" అను నర్థము కలదని గ్రహించినవారు ఎందరు? గాలి వానలు వారికి కొత్త గావు. ఉప్పెనను చూచిన తరము ఏనాడో గతించినది.

ఇక్కడ ఒక చిన్న లెక్కను చూడవలెను. తీరమున 2,000 మంది గల ఒక ఊరిని ఊహింపుడు. తుపాను తీరము దాటుటకు 24 గంటల ముందు హెచ్చరిక వెలువడినదనుకొందము. దాటుటకు 8 గంటల ముందే గాలి యుధృతమై బాటపై నడచుటకు వీలుండదు. అనగా పనికివచ్చు కాలము 16 గంటలే. హెచ్చరిక జిల్లా కలెక్టరుకు చేరి, ఊళ్లు ఖాళీ చేయింపవలెనని ఆయన నిశ్చయించుటకు 4 గంటలు పట్టెను. ఆ యుత్తరువు తాలూకా కచేరికి చేరి ఉద్యోగులు బయలుదేరుటకు 3 గంటలు. వారు బురదబాటల వెంట ఊరు చేరుటకు మరి 3 గంటలు. దండోరా వేయించి, పిల్లలను కూడగట్టి, ముసలివారిని లేపి బయటకు రప్పించుటకు 2 గంటలు. ఇప్పటికి 12 గంటలు గడచినవి. మిగిలినవి నాలుగే గంటలు. రెండు బస్సులు వచ్చినవి. ఒక్కొక్కదానిలో 50 మంది పట్టుదురు. పోయి వచ్చుటకు గంటా ఇరువది నిమిషములు. నాలుగు గంటలలో మూడుమారులు తిరుగగలవు. కనుక 300 మంది క్షేమముగా చేరుదురు. 1,700 మంది ఊరిలోనే యుందురు.

ఈ లెక్కలో ఎవ్వరును సోమరులు కారు. కలెక్టరు, తహశీలుదారు, బస్సు నడిపినవాడు - అందరును తమ పని తాము చేసిరి. అయినను ఊరు మునిగెను. ఎవరు తప్పు చేసిరని మాత్రమే వెదకు విచారణకు ఇందులో ఏమియు దొరకదు. గంటలు ఎచ్చట కరిగిపోయినవని వెదకిన విచారణకు దారి కనబడును. కచేరీలలోను బాటలలోను పోయిన 10 గంటలను 3 గంటలకు తగ్గింపగలిగినచో 7 గంటలు కలిసివచ్చును. మిగిలిన కాలము 11 గంటలగును. ఆ బస్సులే ఎనిమిదిమారులు తిరిగి 800 మందిని దాటింపగలవు. అప్పటికిని 1,200 మంది మిగిలియే యుందురు. కావున హెచ్చరిక త్వరపడిన చాలదు. నడచిపోదగినంత దూరములో మెరక యుండవలెను. లేనిచో దానిని కట్టవలెను.

దివిసీమ ఉప్పెన తరువాత జరిగిన పనులలో ముఖ్యమైనవి ఈ రెండే. తీరమువెంట తుపాను షెల్టర్లు లేచినవి. ఎత్తైన కాంక్రీటు స్తంభములపై నిలిపిన గట్టి కట్టడములవి. క్రిందుగా నీరు పోవుటకు వీలుండును. ఉత్త దినములలో బడిగానో, సమావేశపు గదిగానో వాడుకొందురు. ఇట్లు వాడుటలో మేలు కలదు. పదేండ్లకొకమారు తెరచు కట్టడమునకు తలుపు ఊడినను ఎవ్వరికిని తెలియదు. దినదినము పిల్లలు చదువుకొను కట్టడమునకు పెంకు జారినను పదిమంది చూతురు. తీరమున సరుగుడు తోటలు పెంచిరి. ఏటి ముఖములందలి మడ అడవులు అలల వేగమును అణచునన్న తెలివియు పెరిగెను.

రెండవ పని మాట చేరవేయుటకు సంబంధించినది. తీగలు తెగిన వేళ పనికివచ్చుటకై 1980ల నాటికి ఉపగ్రహముద్వారా హెచ్చరికలు పంపు పద్ధతి ఏర్పడెను. తీరప్రాంతపు కచేరీలలో చిన్న గ్రాహక యంత్రములను అమర్చిరి. తుపాను ఏ జిల్లాకు ఆపద తెచ్చునో ఆ జిల్లాలోని యంత్రములు మాత్రమే మ్రోగును. ముందుగా చెవులు గింగురుమనునట్లు ధ్వని చేయును. గదిలో నిద్రించువాడు లేచి తీరవలెను. పిమ్మట ఆ ప్రాంతపు భాషలో హెచ్చరిక వినవచ్చును. తెలుగు తీరమున తెలుగులోనే వినవచ్చెను. భాష చిన్న విషయమని తలపరాదు. ఇంగ్లీషులో వచ్చిన తంతిని ఒకరు చదివి, వేరొకరు తెలిగించి, ఇంకొకరు దండోరా వేయుటలో ఎంత కాలము గడచునో, ఎంత యర్థము జారిపోవునో, అట్టి కచేరీలలో పని చేసినవారికే తెలియును.

ఈ ఏర్పాట్లకు పరీక్ష 1990వ సంవత్సరము మే నెల 9వ తేదీన వచ్చెను. 1977 నాటి తుపానుతో పోల్చదగిన పెనుతుపాను కృష్ణానది సాగరసంగమ ప్రాంతముననే, మచిలీపట్టణపు దిక్కున, తీరము దాటెను. ఈమారు లక్షన్నరకు మించిన జనమును ముందుగానే తరలించిరి. మరణించినవారు 967 మంది యని లెక్క తేలెను. పదివేలకును వేయికిని గల యంతరము సామాన్యమైనది కాదు. ఆ యంతరములో నున్నవారు తొమ్మిదివేలమంది సజీవులైన మనుష్యులు.

అయినను పరీక్షకులు ఇట్టి యంకెలను చూచి తొందరపడరాదు. రెండు తుపానులు ఎన్నడును ఒక్కతీరుగ నుండవు. ఒకటి సముద్రపు పోటువేళ దాటును. మరియొకటి పాటువేళ దాటును. ఒకటి చీకటిలో వచ్చును, మరియొకటి పగటివేళ. మృతుల సంఖ్య తగ్గుట శాఖల సమర్థత వలనను కావచ్చును, గాలి దిశ వలనను కావచ్చును. అదృష్టమును సామర్థ్యముగా లెక్కవేసినవాడు తరువాతి తుపానుకు సిద్ధముగా నుండడు. అందుచే జాగ్రత్తగల విచారణకర్తలు మరణించినవారి లెక్కతో ఆగక, త్రుటిలో తప్పిన ప్రమాదములను గూడ ఆరా తీయుదురు. నీరు రాకమున్నే ఊరు ఖాళీ యాయెనా, లేక నీరు రాకపోవుటచే ఊరు బ్రదికెనా? ఈ రెంటికిని అంకె ఒక్కటే, అర్థము వేరు.

1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీనాటి కోనసీమ తుపాను ఈ సంగతిని తేటపరచెను. ఆ తుపాను చిన్నదైనను త్వరలోనే బలిసి, కాకినాడకు దక్షిణముగా తీరము దాటెను. వేయికి మించిన జనము మరణించిరి. అనేకులు గల్లంతైరి. వారిలో పలువురు సముద్రముమీద వేటకు పోయిన మత్స్యకారులు. ఒడ్డున షెల్టర్లు కలవు, బస్సులు కలవు, దండోరా కలదు. కాని నడిసముద్రమున నున్న పడవకు ఆ దండోరా ఎట్లు వినబడును? హెచ్చరికల గొలుసు చివరి లంకె సముద్రపు టొడ్డుననే ఆగిపోయెను. ప్రయాసపడి నేర్చిన పాఠము పూర్వపు తుపానునకు సరిపోయినది. కొత్త తుపాను వేరొక చోట దెబ్బ తీసెను. ఇప్పుడు హైదరాబాదులో సముద్ర సమాచార సేవలకై 1999లో నెలకొల్పిన జాతీయ కేంద్రమొకటి కలదు. అలల ఎత్తు, సముద్రస్థితి మొదలగు వివరములను అది మత్స్యకారులకు అందజేయుచున్నది. తుపాను పుట్టగనే వేటకు పోరాదని ఆజ్ఞాపించి, పోయినవారిని వెనుకకు పిలుచుట విధిగా జరుగుచున్నది.

ఒడిశా కథయు ఇట్టిదే, ఇంకను ఘోరమైనది. 1999వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీన పారాదీపు వైపు వచ్చిన మహాతుపానులో ఇంచుమించు 10,000 మంది మరణించిరి. ఆనాడు ఆ తీరమున షెల్టర్లు చాల కొద్ది. రెడ్ క్రాస్ కట్టించిన కొలదిపాటి కట్టడములలో దూరినవారు బ్రదికిరి. ఆ రాష్ట్రము పిమ్మట విపత్తులకొరకు ప్రత్యేక సంస్థను స్థాపించి, తీరమంతట వందలకొలది షెల్టర్లు కట్టించెను. దేశమంతటికిని వర్తించు విపత్తు నిర్వహణ చట్టము 2005లో వచ్చెను. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళము 2006లో ఏర్పడెను. తుపాను హెచ్చరికలను మూడు దినముల ముందునుండి నాలుగంచెలుగా వెలువరించు పద్ధతి అంతకుముందే వచ్చినది. 2013వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరమును తాకునప్పటికి సుమారు పది లక్షల జనము షెల్టర్లలోను దూరపు ఊళ్లలోను నుండిరి. మృతుల సంఖ్య వేలు, వందలు దాటి పదులలోనికి దిగెను. దళములవారు తుపాను వెలిసినపిమ్మట గాక, తుపాను రాకమున్నే వచ్చి గట్టిచోట్ల మకాము వేసి యుండిరి. చెట్లు నరుకు రంపములు, రబ్బరు పడవలు వారివెంట నుండెను. రేపు మూసికొనిపోవు బాటను నేడే దాటి కూర్చుండుట ఆ దళములు నేర్చిన గొప్ప విద్య.

జనమును కదల్చుట మాత్రము రంపముతో జరుగు పని కాదు. ఉద్యోగి వచ్చి "లెండు, పొండు" అన్నంత మాత్రమున ఎవ్వరును ఇల్లు విడువరు. పాడి గేదెను ఎవరు చూతురు? వల, పడవ - అప్పు చేసి కొన్నవి - వాటికి కావలి ఎవరు? గతమారు పొమ్మన్నారు, పోయితిమి, తుపాను రాలేదు. ఇంటిలోని బిందెలు మాత్రము పోయినవి. ఇట్టి మాటలను మూఢత్వమని త్రోసివేయు అధికారి విచారణలో ఏమియు నేర్వడు. వెళ్లనివారిని కలిసి, ఎందుకు వెళ్లలేదని ఓపికతో అడుగుట విచారణలో మిక్కిలి విలువైన భాగము. పశువులకు గూడ చోటు చూపినచో కుటుంబము కదలునని, ఊరికి పోలీసు కావలి యున్నచో యజమాని కదలునని, ముసలమ్మను ఎత్తుకొనిపోవుటకు ఇద్దరు యువకులున్నచో కోడలు కదలునని, అట్లు అడిగినవారికే తెలిసినది. షెల్టరులో ఆడువారికి మరుగుదొడ్డి లేకపోవుటచే వారు రాక నిలిచిన ఊళ్లు కలవన్నచో నవ్వదగినది లేదు. గోడ ఎంత మందమో లెక్కించిన ఇంజనీరు ఆ సంగతిని మరచియుండవచ్చును.

విచారణకు మరియొక అడ్డంకి భయము. ఒక కచేరిలో హెచ్చరిక అర్ధరాత్రి వచ్చినది. దానిని చూడవలసిన గుమాస్తా తెల్లవారుజామున చూచెను. ఈ నాలుగైదు గంటల జాప్యము విచారణలో బయటపడినచో అతని ఉద్యోగము పోవును. అప్పుడు అతడేమి వ్రాయును? హెచ్చరిక తెల్లవారుజాముననే వచ్చినదని వ్రాయును. కాగితముపై అంతయు సక్రమముగా నుండును. రాత్రివేళ ఆ గదిలో రెండవ మనిషిని కూర్చుండబెట్టవలెనను సంగతి ఎన్నటికిని బయటపడదు. కావాలని కీడు చేసినవానిని శిక్షింపవలసినదే. ఏర్పాటులోని లోపమునకు చిక్కినవానిని శిక్షించినచో లోపము అట్లే యుండును, సత్యము మాత్రము మరుగున పడును. అందుచే జాడ తెలిసినవారు విచారణను రెండుగా విడదీయుదురు. దోషులను నిర్ణయించుట ఒకటి, పాఠములను వ్రాసికొనుట వేరొకటి. రెండింటిని ఒకే పీఠముమీద జరిపినచో రెండును చెడును.

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన, ఫైలిన్ వచ్చిన తేదీననే, హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును సూటిగా తాకెను. అప్పటివరకు తుపానును పల్లెల బాధగా తలచిన నగరవాసులకు అది కొత్త చదువు. తీరపు జనమును ముందుగా తరలించుటలో లోపము జరుగలేదు. కాని వేలకొలది చెట్లు కూలి వీధులు మూసికొనెను. విద్యుత్ స్తంభములు ఒరిగెను. సెల్‌ఫోను టవర్లు మూగవోయెను. రాడారునుండి సయితము సమాచారము ఆగిపోయెను. తుపాను గమనమును చూపవలసిన కన్ను తుపాను వేళనే మూతపడినది. నీళ్లు పంపుటకు విద్యుత్తు లేదు, విద్యుత్తు బాగుచేయువారిని పిలుచుటకు ఫోను లేదు, ఫోను టవరును నడుపు యంత్రమునకు నూనె తెచ్చుటకు బాట లేదు. ఒకటి కూలినచో తక్కినవన్నియు ఎట్లు కూలునో నగరమునకు నాడు తెలిసెను. పిమ్మట విశాఖలో విద్యుత్ తీగలను భూమిలోపలికి దింపు పనిని చేపట్టిరి.

ఇట్టి పెద్ద పనులు పత్రికలకెక్కును. చిన్నవి యెక్కవు. తుపాను ఋతువునకు ముందు తీరగ్రామములలో మాదిరి కసరత్తులు జరుపుదురు. సైరను మ్రోగును, పిల్లలు వరుసగా షెల్టరునకు నడచుదురు, గడియారము పట్టుకొన్న ఉద్యోగి నిమిషములు వ్రాసికొనును. చూచువారికి ఆటవలె తోచును. అట్టివేళ తనిఖీదారులు మొదట అడుగవలసినది తాళపుచెవిని గూర్చి. షెల్టరు తాళము ఎవరివద్ద నున్నది? ఆయన పెండ్లికి పొరుగూరు పోయినచో రెండవ తాళము ఎవరివద్ద నున్నది? ఇది సిగ్గుపడి అడుగక విడువదగిన ప్రశ్న కాదు. మూడు మీటర్ల ఎత్తున లక్షలు పోసి కట్టిన మెరక, గాలిలో తాళము పగులగొట్టవలసి వచ్చినచో, ముసలివారికి దూరమగును.

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ వేకువజామున తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాలో పలాస సమీపమున తీరము దాటెను. ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరగెను. తీరమున ప్రాణనష్టమును చాలవరకు తప్పింపగలిగిరి. కాని తుపాను అచ్చటితో ఆగలేదు. లోపలికి పోయి ఒడిశాలోని గజపతి జిల్లా కొండలపై కుండపోతగా కురిసెను. ఆ జిల్లాలోని ఒక కొండపల్లెలో జనము వానకు జడిసి ఒక గుహవంటి చోట తలదాచుకొనిరి. నానిన కొండచరియ విరిగి వారిపై పడెను. పది మందికి మించి మరణించిరి. వారిలో పిల్లలును కలరు.

వారు మెరకననే యుండిరి. గట్టి చాటునకే చేరిరి. సముద్రతీరమున ఏబదియేండ్లుగా నేర్పుచు వచ్చిన రెండు మాటలను వారు తమంత తామే పాటించిరి. కాని సముద్రము వెన్నంటి వచ్చునప్పుడు ప్రాణము కాపాడు ఎత్తు, కొండ కరగునప్పుడు ప్రాణము తీయును. ఆ కొండపల్లెలకు కావలసిన ప్రశ్నలు వేరు. ఏ వాలు వానకు జారును? ఎన్ని అంగుళముల వాన కురిసినపిమ్మట దానిని విడువవలెను? ఆ వానను కొలుచు పాత్ర ఊరిలో ఎవరి పెరటిలో నున్నది? నడిరేయి దానిని చూచి, ఇంటింటి తలుపు తట్టి, "ఈ గుహ వలదు, ఆవలి మైదానమునకు పదండు" అని చెప్పవలసినవాడు ఎవడు?